నేల మీద కుడి సీటు

పోయిన వారం దామియానా గువాజీని హ్యాంగర్ గుమ్మంలో వదిలేసి వచ్చాం. ఆమె చేతిలో ఒక కాగితం ఉంది. నాలుగు రోజుల కింద శాంత రీటా పశువుల బీట్లో దిగబోయి, బురదలో పక్కకు ఈడ్చుకుపోయి, ముక్కు విరగ్గొట్టుకున్న రెండింజన్ల విమానం తాలూకు కాగితం అది. అందులో ఇలా రాసి ఉంది: దిగేటప్పుడు విమానం కుడి సీట్లోని కో-పైలట్ చేతిలో ఉన్నది. కో-పైలట్ పేరు దామియానా గువాజీ.

ఆ సమయానికి దామియానా ఆ విమానంలో లేనే లేదు.

ఎందుకు లేదంటే, ఆమె సీటే అందులో లేదు కాబట్టి. ఆ విమానంలో దానంతటది నడిచే యంత్రం ఎప్పుడో చచ్చిపోయింది. బాగుచేయించడానికి యజమాని దోన్ ఫానోర్ మెల్గార్‌కు చెయ్యి రాలేదు. అలాంటి విమానం మబ్బుల్లోకి పోవాలంటే ఇద్దరు పైలట్లు ఉండాలని చట్టం. ఎడమ సీట్లో కెప్టెన్, కుడి సీట్లో ఎగిరిన గంటలు కూడబెట్టుకునే కొత్త పైలట్. ఆ కొత్త పైలట్‌కు జీతం ఉండదు. గంటలే జీతం. గంటల కోసం బస్తాలు మోస్తారు, రెక్కలు తుడుస్తారు, కెప్టెన్ బూట్ల బురద కూడా కడుగుతారు. అయితే సరుకు ఎక్కువైన రోజున చట్టం కంటే సరుకే పెద్దది. నాలుగు బోల్టులు విప్పితే కుడి సీటు ఊడి వస్తుంది. ఆ చోట బస్తాలు పడతాయి. సీటుతో పాటు మనిషీ కిందికి దిగుతుంది. కాగితం మీద మాత్రం దిగదు. అక్కడ ఎగురుతూనే ఉంటుంది, ఆ గంటలు ఆమె పుస్తకంలో చేరతాయి. వాటిని మా మోహోస్ మైదానంలో ఊయల గంటలంటారు. ఊయల్లో పడుకుని సంపాదించిన గంటలన్నమాట. ఇచ్చేవాడికి దర్జా, పుచ్చుకునేవాడికి సిగ్గు లేదు. ఈ మైదానంలో ఊయల గంటలు పుచ్చుకోని కెప్టెన్ ఉన్నాడంటే ఎవరూ నమ్మరు.

ఆ రోజూ అంతే. వెనక డీజిల్ పీపాలు, కుడి సీటు చోట ఉప్పు బస్తాలు. బైలోన్ మోయే అనే పశువుల కాపరి పీపాల మధ్య గోనెపట్టా మీద కూర్చుని బయల్దేరాడు, బెల్టూ లేదు బొంగూ లేదు. ఇప్పుడు త్రినిదాద్ ఆస్పత్రిలో కళ్ళు తెరవకుండా పడి ఉన్నాడు.

వాన వెలిసింది. హ్యాంగర్ రేకుల మీంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి. దోన్ ఫానోర్ చిన్న సెస్నా విమానం రెక్క కింద బల్ల వేయించుకుని కాఫీ తాగుతున్నాడు. ఎడమ మణికట్టుకు గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. ఆయన పక్కన కెప్టెన్ ఎర్లాండ్ రోకా. కనుబొమ్మ మీద ఆస్పత్రి కుట్లు, కళ్ళు నేల మీద, తేలు కుట్టిన దొంగలా.

"కూచో అమ్మాయ్," అన్నాడు దోన్ ఫానోర్.

"నిలబడే వింటాను."

"చదివావుగా?"

"చదివాను. దీంట్లో నా పేరొక్కటే నిజం. మిగతాదంతా మీరు వండిందే."

దోన్ ఫానోర్ నవ్వాడు. ఆయన నవ్వు దూడను బేరమాడేటప్పటి నవ్వు. "నిజం సంగతి తర్వాత చూద్దాంలే. ముందు నీ సంగతి చూసుకుందాం. నీకెన్ని గంటలయ్యాయి?"

"రెండొందల పన్నెండు."

"పెద్ద పరీక్షకెన్ని కావాలి?"

"రెండొందల యాభై."

"ఒడ్డుకొచ్చేశావన్నమాట. ఒక్క మాట చెప్తా విను. లాపాజ్ నించి విమానాల శాఖ ఇన్‌స్పెక్టర్ మధ్యాహ్నం విమానానికి దిగుతాడు. ఏం జరిగిందని అడుగుతాడు. పిల్ల కొత్తది, నేల బురద, చక్రం జారింది. అంతే కథ. నిన్ను ఆర్నెల్లు ఆపుతారు. ఆర్నెల్ల తర్వాత రోజూ ఎక్కిస్తా. నీ రెండొందల యాభై నిండేదాకా ఎక్కిస్తా. ఆ తర్వాత జీతం మీద తీసుకుంటా. ఈ ఊళ్ళో ఆడదానికి జీతమిచ్చి విమానమిచ్చిన వాడున్నాడా ఇప్పటిదాకా?"

"లేడు. మీరూ ఇవ్వలేదు."

"ఇస్తానంటున్నాగా."

"చెయ్యని తప్పు నెత్తినేసుకుంటే ఇస్తానంటున్నారు. అది జీతం కాదు దోన్ ఫానోర్, లంచం. అది కూడా ఆర్నెల్ల అప్పు మీద."

మూల నించి కిసుక్కుమని నవ్వు వినపడింది. వంటపాక హ్యాంగర్‌కు ఆనుకునే ఉంది, మధ్యలో గోడ లేదు. దోన్యా అసుంత అక్కడ కర్రపెండలం చెక్కు తీస్తోంది. ఆమెకు అరవై దాటాయి. హమాలీలకూ పైలట్లకూ పదిహేనేళ్ళుగా అన్నం పెడుతోంది కాబట్టి ఎవరి మాటకైనా నవ్వే హక్కు సంపాదించుకుంది.

దామియానా కెప్టెన్ వైపు తిరిగింది. ఈయన మీద ఆమెకు కోపం రావడం లేదు, అదే ఆమె బాధ. దోన్ ఫానోర్ లాంటి వాడు ఏ తలుపు తట్టినా దొరుకుతాడు. కానీ ఎర్లాండ్ రోకా ఆమెకు యోకు, అంటే విమానాన్ని తిప్పే పిడి, పట్టుకోవడం నేర్పిన మనిషి. మిగతా కెప్టెన్లు కుడి సీట్లో ఆడపిల్లను చూసి 'బరువు సరిచూడ్డానికి బస్తా పెట్టారు' అని నవ్వుకునే రోజుల్లో, ఈయన మామోరే నది మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని 'ఇక నీదే' అన్నాడు. పక్కగాలిలో దిగేటప్పుడు 'కళ్ళతో చూడకు, కాళ్ళతో విను' అన్నాడు. అప్పటి నుంచి పెడళ్ళ మీద పాదాలు పెట్టినప్పుడల్లా ఆమెకు ఆ మాట వినపడుతుంది.

"కెప్టెన్, మీరు చెప్పండి. ఆ రోజు నేనున్నానా?"

"దామీ..." ఆయన ఇంకా నేలనే చూస్తున్నాడు. "నాకిది రెండో ప్రమాదం. మొదటిది రైబెరాల్తాలో. రెండోదంటే లైసెన్స్ లాగేస్తారు. నాకు యాభై నాలుగేళ్ళు. ఇంకేం పని చెయ్యను నేను? నీకు ఆర్నెల్లే కదా."

"ఆర్నెల్లు కాదు. బతికున్నంత కాలం. బైలోన్ మోయేని పడేసింది గువాజీ వాళ్ళ పిల్లేనని సంతలో అమ్మలక్కలు చెప్పుకుంటారు. ఆడపిల్లలకి యోకు ఇస్తే ఇంతేనంటారు. నా వెనక ఇంకో పిల్ల వచ్చి కుడి సీటు అడిగితే నా పేరు చెప్పి తలుపేస్తారు." ఆమె ఒక అడుగు ముందుకేసింది. "కాళ్ళతో వినమని మీరే చెప్పారు. ఆ రోజు మీ కాళ్ళు ఏం విన్నాయి?"

"నా కాళ్ళని అడక్కు," అన్నాడు ఎర్లాండ్.

ఆ మాట అన్న తీరు ఆమెకు వింతగా తోచింది. అడిగేలోపే దోన్ ఫానోర్ బల్ల మీద కప్పు ఠక్కున పెట్టాడు.

"చాలు. పతివ్రత కబుర్లు ఆపు. నీ పుస్తకంలో ఊయల గంటలు లేవూ? నేను లెక్కేసి ముద్ర వెయ్యలేదూ? అప్పుడు చేదుగా లేదే. ఇన్‌స్పెక్టర్ ముందు నోరు విప్పావనుకో, నీ పుస్తకం నేనే తీసి చూపిస్తా. దొంగ గంటలు రాసుకున్న పిల్ల మాట ఎవడు నమ్ముతాడు?"

ఈ దెబ్బ సరైన చోట తగిలింది. దామియానా ముఖం ఒక్క క్షణం కందిపోయింది. నిజమే మరి. అందరూ రాసుకుంటున్నారు కదా అని ఆమె కూడా రాసుకుంది. బీదదానికి దొరికిన గంట వదులుకోవడమంటే ముద్ద వదులుకోవడమే. పెట్టినవాడు ఏదో ఒక రోజు ఆ ముద్దకు వెల అడుగుతాడని ఆమె అనుకోలేదు. ఇలాంటి దొరలు మనకు అన్యాయం చేసేటప్పుడు ఊరికే చెయ్యరు. ముందు చిన్న వాటా మన నోట్లో పెడతారు. తర్వాత నోరు తెరవబోతే, నీ నోట్లో ఉన్నదేమిటి అంటారు.

ఆమె చొక్కా లోపలి నుంచి తన పుస్తకం తీసింది. వానకు తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంది. బల్ల మీద పరిచి, దోన్ ఫానోర్ జేబులోని పెన్ను అడక్కుండానే లాక్కుంది.

"ఇది ఎండుమాంసం వేసిన రోజు. నేను ఎక్కలేదు." గీత కొట్టింది. "ఇది మీ తమ్ముడి పెళ్ళి బీరు. ఎక్కలేదు." గీత. "ఇది సిమెంటు." గీత. "ఇది నాకు జ్వరమొచ్చిన రోజు. ఊయల్లో కాదు, మంచంలో ఉన్నాను. దీనికి కూడా ముద్రేశారు మీరు." గీత. ఒక్కో గీతా కాగితం చిరిగేంత గట్టిగా పడింది. చివరికి వేళ్ళు మడిచి లెక్కేసుకుంది. "ఇప్పుడు నూట ఎనభై తొమ్మిది. ఇవన్నీ ఎగిరినవే. చూపించండి ఇన్‌స్పెక్టర్‌కి. నేనే విప్పి ఇస్తాను."

దోన్ ఫానోర్ ఆ గీతల వంక చూశాడు. ఆయన చేతిలోని ముల్లుగర్రను ఎవరో లాగేసినట్టయింది. "ఆ మిగిలిన వాటికీ ముద్ర వెయ్యాల్సింది నేనే. ఆఖరి మూడు నెలలకి ఇంకా వెయ్యలేదు, గుర్తుందా? నా ముద్ర లేకపోతే నీ పుస్తకం దోన్యా అసుంత పొయ్యి రాజేసుకోడానికి పనికొస్తుంది."

"ముద్ర మీది. ఎగిరింది నేను."

"ఎగిరావు. ఎవరి విమానంలో? ఈకలు కట్టుకుని గుడి ముందు గెంతే జాతి మీది. జాలిపడి సీటిచ్చా."

"ఈకలు మా నాన్న కడతాడు. పండగ పండక్కీ కడతాడు, మీరూ వచ్చి ఫోటో దిగుతారు. ఎగరడం నాకు ఆ ఈకల్నించే వచ్చిందేమో. మీ సీటుతో రాలేదు."

ఈసారి హమాలీలు కూడా నవ్వారు. పీపాలు దొర్లిస్తున్న ఇద్దరు పని ఆపేశారు. దోన్ ఫానోర్ అది గమనించాడు. బేరం తెగనప్పుడు ఆయన మాటలు మానేసి పనిలోకి దిగుతాడు.

"ఒరే, ఇటు రండి. ఆ సీటు ఎత్తి సెస్నాలో పెట్టండి. ఎర్లాండ్, నువ్వు దాన్ని శాంత రీటాకి తీసుకెళ్ళి దాని చోట్లో బిగించేసెయ్. ఉప్పు బస్తాలు తీయించి చెరువులో పారెయ్యమను. ఇన్‌స్పెక్టర్ మధ్యాహ్నం దిగి, భోంచేసి, అక్కడికొచ్చేసరికి రెండు సీట్లుండాలి. సీటుంటే మనిషి ఉన్నట్టే. ఈ పిల్ల ఏం వాగినా గాల్లో కలుస్తుంది."

సీటు ఎక్కడుందో అక్కడున్న అందరికీ తెలుసు. విప్పిన సీటును మెకానిక్ ఎప్పుడూ వంటపాకలోనే పడేస్తాడు. దోన్యా అసుంతకు నడుం నొప్పి. ఈ మైదానంలో మెత్తటి కుర్చీ అంటే విమానం సీటే. సరుకు రోజులన్నీ ఆమెకు పండగ రోజులు. ఇప్పుడు కూడా ఆమె దాని మీదే కూర్చుని, ఒడిలో పళ్ళెం పెట్టుకుని, చెక్కు తీస్తోంది.

హమాలీలు అటు కదిలారు. వాళ్ళకంటే ముందు దామియానా కదిలింది.

"అమ్మమ్మా, లే."

"ఎందుకే?"

"లే చెప్తా."

దోన్యా అసుంత నడుం పట్టుకుని లేచింది. దామియానా వెళ్ళి ఆ సీట్లో కూర్చుంది. భుజాల బెల్టు లాక్కుంది, నడుం బెల్టు లాక్కుంది, టక్కుమని బిగించింది. రెండు పాదాలూ నేల మీద, పెడళ్ళుండే చోట ఆనించింది. కర్రపెండలం చెక్కుల మధ్య, పొయ్యి పక్కన, కోళ్ళు తిరిగే నేల మీద, తన కుడి సీట్లో కూర్చుంది.

"ఇప్పుడు ఎత్తండి," అంది. "సీటుతో పాటు నన్నూ శాంత రీటాకి తీసుకెళ్ళండి. అక్కడ నన్నూ బిగించండి. ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి నేను అందులోనే ఉంటాను, మీ కాగితంలో రాసినట్టే. అప్పుడు ఆయనకి నేనే చెప్తాను, ఈ సీటు ఇందాకే వచ్చిందని."

హమాలీలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దవాడు టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఆడపిల్ల మీద చెయ్యెట్టా వేస్తాం దోన్ ఫానోర్? వాళ్ళ నాన్న రేపు పండక్కి మా పక్కనే ఆడాలి."

"కూలి నేనిస్తున్నానా, వాళ్ళ నాన్నా?"

"కూలి మీరే. కాకపోతే పక్కన ఆడేది ఆయన."

దోన్ ఫానోర్ తనే వచ్చాడు. వంగి ఆమె నడుం దగ్గరి బెల్టు పట్టుకుని గుంజాడు. ఎడమ చేత్తో దాని మీట ఎత్తబోయి, పళ్ళ మధ్య నుంచి ఊపిరి లాక్కున్నాడు. గుడ్డ చుట్టిన మణికట్టు వెనక్కి లాగేసుకుని రొమ్ముకు అదుముకున్నాడు. నుదుటి మీద ఒక్కసారిగా చెమట పట్టింది.

దామియానా కదల్లేదు. ఆయన మణికట్టు వంకే చూస్తోంది.

"ఆ చెయ్యేమైంది దొరా?" అంది దోన్యా అసుంత పక్క నుంచి.

"దూడలకి వాత వేస్తుంటే తాడు గుంజింది."

"వానల్లోనా?"

దోన్యా అసుంత కత్తికి అంటిన బంక కొంగుకు తుడుచుకుంది. "ఏమో, నాకు తెలీదులే. మా ఆయన నలభై ఏళ్ళు పశువుల్ని కాశాడు. నీళ్ళు మోకాళ్ళెత్తున ఉండగా దూడకి వాత వేసిన వాణ్ణి చూడలేదు. పుండు మానదు, పురుగు పడుతుంది. మీ బీట్లో ఎండగా ఉందేమో."

"నీ వంట నువ్వు చూసుకో ముసలిదానా. బోల్టులేవి? మెకానిక్ నీ దగ్గరే పెట్టాడుగా."

"ఏ బోల్టులు దొరా?"

"సీటు బోల్టులు."

"నాకు కళ్ళు సరిగ్గా ఆనవు దొరా. ఉప్పేదో పంచదారేదో కూడా తెలీట్లేదు ఈ మధ్య." ఆమె రేకు మగ్గు ఒకటి తీసి మెల్లగా చెక్కుల పళ్ళెం కిందికి జరిపింది. లోపల ఇనుము గలగలమంది. చెవులున్న ప్రతివాడికీ వినపడింది.

దోన్ ఫానోర్ ముఖం నల్లబడింది. ఆయన దామియానా మీదికి వంగి, ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాడు. "చూడు పిల్లా. నువ్వు ఇక్కడ కూచోవచ్చు. రేపూ కూచోవచ్చు. కానీ ఈ మైదానంలో విమానాలున్న వాళ్ళం ఏడుగురం. ఏడుగురం ఒకే బల్ల మీద పేకాడతాం. నీ నూట ఎనభై తొమ్మిది ఇక నూట తొంభై అవదు. తెలుసుగా?"

తెలుసు. ఆమెకు అది అందరికంటే బాగా తెలుసు. మామోరే మీద మబ్బులు విడిపోయి కింద నది వంకరలు కనపడిన ఉదయాలు కళ్ళ ముందు తిరిగాయి. అవి ఇక రాకపోవచ్చు. కళ్ళలో నీళ్ళు తిరగబోతే పాదాలు నేలకు గట్టిగా అదిమింది.

"సరే," అంది, అందరికీ వినపడేలా. "నూట ఎనభై తొమ్మిదితోనే ఉంటాను. అవి నావి. మీకు వేల గంటలుండేవట, చూపు తగ్గిందని డాక్టరు లైసెన్స్ తీసేయించాడట. ఇప్పుడు వాటిల్లో ఒక్కటైనా మీదని చెప్పుకోగలరా? అన్నీ ఊయల్లోవే అయ్యుంటాయి."

ఆయన చెయ్యి లేచింది. కుడి చెయ్యి. పైకి లేచి అలాగే ఆగిపోయింది, ఎందుకంటే హ్యాంగర్ ముందు నీళ్ళగుంటలో ఒక జీపు చప్పుడు చేస్తూ ఆగింది.

జీపులోంచి ముందు ఒక పోలీసు దిగాడు. వెనక ఒక పొట్టి మనిషి. ఈ ఉక్కలో కూడా ఉన్ని బనియను వేసుకున్నాడంటే కొండల మీది నుంచి వచ్చినవాడే. బూట్లు అప్పటికే బురదలో తడిసి ఉన్నాయి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నా పేరు తికొనా," అన్నాడు. "మధ్యాహ్నం రావాల్సింది. నిన్న సాయంత్రమే మిలిటరీ విమానం దొరికితే దిగేశాను. రాత్రి నుంచీ ఆస్పత్రిలోనే ఉన్నాను."

దోన్ ఫానోర్ చెయ్యి దించి, అదే చేత్తో నమస్కారం లాంటిదేదో చేశాడు. "రండి సార్, కాఫీ తాగండి. ముందే చెప్పుంటే కారు పంపేవాణ్ణి."

"కాఫీ వద్దు. ఆ కాపరి, బైలోన్ మోయే, తెల్లవారుజామున పోయాడు." తికొనా బనియను పైకి లాక్కుని ముఖం తుడుచుకున్నాడు. "కాబట్టి ఇది ఇక లైసెన్స్ వ్యవహారం ఒక్కటే కాదు. అందుకే ఈయన నాతో వచ్చాడు." పోలీసు వైపు తల ఊపాడు. "దామియానా గువాజీ ఎవరు?"

దోన్యా అసుంత గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. హమాలీలు టోపీలు తీశారు. బైలోన్ మోయే ఇక్కడ భోంచేసినవాడే. కర్రపెండలం దంచి చేసే మసాకోలో ఎండుమాంసం తక్కువైందని దోన్యా అసుంతతో ప్రతిసారీ పోట్లాడినవాడే.

ఆర్నెల్లు అన్న మాట ఇప్పుడు చెల్లదు. దామియానాకు అది అర్థమయింది. ఆ కాగితం మీదున్న పేరు ఇప్పుడు జైలుకు వెళ్ళే పేరు.

"నేనే," అంది.

తికొనా ఆమెను చూశాడు. పొయ్యిని, కోళ్ళను, ఆమె బిగించుకున్న బెల్టును చూశాడు. "ఇలా ఎందుకు కూర్చున్నావమ్మా?"

"ఇది నా సీటు సార్. కుడి సీటు."

"విమానం దిగేటప్పుడు నువ్వు కుడి సీట్లో ఉన్నావని ఇక్కడ రాసుంది. ఉన్నావా?"

"ఉన్నాను సార్."

దోన్ ఫానోర్ ఊపిరి వదిలాడు. ఎర్లాండ్ తలెత్తాడు.

"ఈ సీట్లోనే ఉన్నాను," అంది దామియానా. "ఇదిగో, ఇక్కడే, ఈ పొయ్యి పక్కనే. అమ్మమ్మ పెట్టిన మసాకో తింటున్నాను. రేడియోలో శాంత రీటా వాళ్ళు అరిచినప్పుడు పళ్ళెం నా ఒళ్ళోనే ఉంది. సీటు పొద్దున్నే విప్పేశారు, ఉప్పు బస్తాల కోసం. కాగితంలో నేను ఎగురుతున్నాను. నిజంగా నేను నేల మీద ఉన్నాను. నా పుస్తకం ఆ బల్ల మీద ఉంది. నేను కూడా ఇలాంటి దొంగ గంటలు రాసుకున్నాను, ఇందాకే కొట్టేశాను. దానికి నాకేం శిక్ష వేస్తారో వెయ్యండి. చేసిన దానికి వెయ్యండి. చెయ్యని దానికి మాత్రం నేను ఈ సీట్లోంచి లేవను."

దోన్యా అసుంత పళ్ళెం కింది నుంచి రేకు మగ్గు తీసింది. ఇన్‌స్పెక్టర్ అరచెయ్యి లాక్కుని అందులోకి ఒంపింది. నాలుగు బోల్టులు, నాలుగింటికీ కర్రపెండలం పిండి అంటుకుని ఉంది. "అప్పట్నించీ నా దగ్గరే ఉన్నాయి బాబూ," అంది. ఆమె కళ్ళకు బాగానే ఆనుతోంది ఇప్పుడు.

"అబద్ధం. అందరూ ఒకటయ్యారు సార్," అన్నాడు దోన్ ఫానోర్. "ఒకే జాతి వాళ్ళు. కెప్టెన్‌ని అడగండి. విమానంలో ఉన్నది ఆయన. ఆయన మాట ముఖ్యం."

"అదే చెయ్యబోతున్నాను." తికొనా బోల్టులు గుప్పిట్లో పట్టుకుని తిరిగాడు. "కెప్టెన్ రోకా, దిగేటప్పుడు మీ పక్కన ఈ అమ్మాయి ఉందా?"

ఎర్లాండ్ రోకా లేచి నిలబడ్డాడు. కనుబొమ్మ మీది కుట్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఆయన దామియానా వైపు చూశాడు. ఆమె పాదాల వైపు చూశాడు. అవి ఇంకా పెడళ్ళుండే చోటే, ఆయన నేర్పినట్టే, మడమలు నేలకానించి ఉన్నాయి.

"ఈ అమ్మాయి లేదు," అన్నాడు.

దామియానా కళ్ళు మూసుకుంది. దోన్ ఫానోర్ బల్ల అంచు పట్టుకున్నాడు.

"అయితే మీ పక్కన ఎవరూ లేరు. ఒక్కరే నడిపారు. విమానం మీ చేతిలో ఉంది," అన్నాడు తికొనా, రాసుకోబోతూ.

"అట్లా రాయకండి సార్." కెప్టెన్ ఇప్పుడు కళ్ళు దించుకోవడం లేదు. "నా చేతిలో లేదు. నా కాళ్ళూ పెడళ్ళ మీద లేవు. ఎత్తి వెనక్కి పెట్టుకోమన్నారు. నా పక్కన ఉప్పు బస్తాల మీద ఒక మనిషి ఉన్నాడు. పంపు దగ్గర విమానానికి పెట్రోలు పోయిస్తుంటే అటు వైపు నించి ఎక్కాడు, వీళ్ళెవరూ చూడలేదు. విమానం నాది, ఇవ్వాళ నేనే దింపుతానన్నాడు. నేను కాదనలేకపోయాను. యోకు విదిలించి కొట్టింది, అతని చెయ్యి దాంట్లో ఇరుక్కుంది."

హ్యాంగర్‌లో అందరూ వింటుండగా తికొనా ఆ మాట రాసుకుని తలెత్తాడు.

"ఏ చెయ్యి?" అన్నాడు తికొనా.

"ఎడమ చెయ్యి."

అందరి కళ్ళూ ఒకే చోటికి తిరిగాయి. బల్ల దగ్గర ఎవరూ లేరు. కాఫీ కప్పు దొర్లి ఉంది. ఆ బల్ల పక్కనే, సెస్నా తలుపు దభాలున మూసుకుంది.